ఆల్గే నుంచి హైడ్రోజన్: చిక్కంతా ఆక్సిజన్ దగ్గరే

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్య సీడ్ తయారుచేసే హేచరీల్లో ఆల్గే (నీళ్ళలో పెరిగే సూక్ష్మమైన నాచు) కోసం ఒక ఏసీ గది విడిగా ఉంటుంది. చెప్పులు బయట వదలాలి, చేతులు కడుక్కోవాలి. లోపల ట్యూబ్‌లైట్ల ముందు గాజు ఫ్లాస్కులు, వాటి కింద వరసలో పెద్ద కార్బాయ్‌లు. ప్రతిదాంట్లోకీ ఒక సన్నటి గొట్టం, ఆగకుండా బుడగలు. కొన్నిట్లో నీళ్ళు లేత తేనెరంగులో ఉంటాయి, కొన్నిట్లో ముదురు గోధుమ రంగుకు వచ్చేసి ఉంటాయి. ఆ రంగే ఆల్గే. కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి డయాటమ్‌లు, అంటే ఒంటికణపు ఆల్గే. జోయియా అనే లార్వా దశకు చేరిన రొయ్యపిల్లకు మొదటి మేత ఇదే. ఫ్లాస్కు నుంచి కార్బాయ్‌కి, అక్కడి నుంచి బయటి ట్యాంకుకి పెంచుకుంటూ పోవాలి. మధ్యలో ఎక్కడ కలుషితమైనా మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇక్కడి టెక్నీషియన్లకు ఇది రోజువారీ పని.

అందుకే ఆల్గేతో హైడ్రోజన్ ఇంధనం తీయొచ్చన్న మాట ఈ జిల్లాల్లో వేరే లోకపు సంగతిలా అనిపించదు. ఎండ ఉంది, ఉప్పునీళ్ళున్నాయి, వదిలేసిన చెరువులున్నాయి, ఆల్గేని పెంచడం తెలిసినవాళ్ళున్నారు. ఇక గ్యాస్ పట్టుకోవడమే తరువాయి కదా అనిపిస్తుంది. ఆల్గే హైడ్రోజన్ ఇస్తుందన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. చెరువులో పెంచితే ఇంధనం అమ్ముకోవచ్చన్నది మాత్రం ఇప్పటికి నిజం కాదు. ఈ రెండు మాటల మధ్య ఎనభై ఏళ్ళ పరిశోధన ఉంది. అది ఎక్కడ ఇరుక్కుందో తెలిస్తే కృత్రిమ కిరణజన్య సంయోగక్రియ (మొక్కల్లా మనమే ఎండతో ఇంధనం తయారుచేయడం) అన్న పెద్దమాట కూడా సులువుగానే విడిపోతుంది.

నీళ్ళను విడగొట్టడమంటే ఏమిటో ముందు చూద్దాం. తొమ్మిది కిలోల నీళ్ళను విడగొడితే ఒక కిలో హైడ్రోజన్, ఎనిమిది కిలోల ఆక్సిజన్ వస్తాయి. ఆ కిలో హైడ్రోజన్‌ని తిరిగి మండిస్తే కరెంటు లెక్కలో దాదాపు 33 యూనిట్ల శక్తి వస్తుంది, పొగ బదులు నీటి ఆవిరి వస్తుంది. మండిస్తే వచ్చేంత శక్తిని విడగొట్టేటప్పుడు మనమే పెట్టాలి, నష్టాలతో కలిపి ఇంకా ఎక్కువే. కాబట్టి హైడ్రోజన్ ఇంధనం అనిపించుకున్నా, నిజానికి అది శక్తిని దాచుకునే సరుకు. ఇప్పుడు ఎరువుల కర్మాగారాలు, రిఫైనరీలు వాడే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు నుంచి తీసిందే. ఆ పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అది లేకుండా ఎండతోనే నీళ్ళను విడగొట్టగలమా అన్నదే ప్రశ్న.

ఆకులు, ఆల్గే చేసేది సగం అదే. ఆల్గే కణంలో ఫోటోసిస్టమ్-2 అనే ప్రోటీన్ల గుంపు ఉంటుంది. దాని నడుమ నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటాయి. ఎండ తగిలినప్పుడు నీళ్ళు విడిపోయేది అక్కడే. ఆ ముడి ఆకారాన్ని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూడగలిగారు. ఆక్సిజన్ బయటికి పోతుంది, ఎలక్ట్రాన్లు లోపల ఒకదాన్నించి ఒకదానికి చేతులు మారుతూ ముందుకు సాగుతాయి. మామూలుగా ఆ ఎలక్ట్రాన్లతో ఆల్గే కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా మార్చుకుంటుంది. హైడ్రోజన్ ఊసే ఉండదు.

మరి హైడ్రోజన్ ఎప్పుడొస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు సగం రొయ్యల రైతుకి తెలుసు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువు చేసేవాళ్ళకి రాత్రి రెండు దాటినప్పటి నుంచి తెల్లారేదాకా గండం. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ఆల్గే రాత్రయ్యేసరికి రొయ్యతో పాటు తనూ ఆక్సిజన్ పీలుస్తుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే డీవో మీటరులో అంకె నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి దిగుతుంది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. అడుగున నల్లమట్టి దగ్గరైతే ఆక్సిజన్ సున్నా. అలాంటి ఊపిరాడని చోట చిక్కుకున్న కొన్ని ఆకుపచ్చ ఆల్గేలు హైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసుకుంటాయి. లోపల పేరుకున్న ఎలక్ట్రాన్లను వదిలించుకోవడానికి వాటిని ప్రోటాన్లతో కలిపి హైడ్రోజన్‌గా బయటికి పంపేస్తాయి. ఆల్గేకి అది కుక్కర్ విజిల్ లాంటిది. ఒత్తిడి దించుకునే దారి తప్ప పంట కాదు.

దీన్ని మొదట పట్టుకున్నది హన్స్ గఫ్రాన్. షికాగోలో సీనెడెస్మస్ అనే ఆకుపచ్చ ఆల్గే మీద పనిచేస్తూ, ఆక్సిజన్ లేకుండా కొంతసేపు చీకట్లో ఉంచి తర్వాత వెలుగు చూపిస్తే అది హైడ్రోజన్ వదులుతోందని 1942లో రూబిన్‌తో కలిసి ప్రకటించాడు. అయితే వెలుగు పడగానే ఆల్గే నీళ్ళు విడగొట్టడం మొదలెడుతుంది, ఆక్సిజన్ వస్తుంది, ఆ ఆక్సిజనే హైడ్రోజినేజ్‌ని చంపేస్తుంది. క్షణాల్లో, నిమిషాల్లో అంతా ఆగిపోతుంది. ఎలక్ట్రాన్లు కావాలంటే నీళ్ళు విడగొట్టాలి, విడగొడితే ఆక్సిజన్ తప్పదు, ఆక్సిజన్ ఉంటే హైడ్రోజన్ రాదు. ఈ రంగంలో ఇప్పటిదాకా వేసిన ఎత్తులన్నీ, ప్రాణమున్న ఆల్గేతోనైనా ప్రాణంలేని ప్యానెల్‌తోనైనా, ఈ రెండు గ్యాసులనూ ఒకదానికొకటి దూరంగా ఎలా ఉంచాలన్నదాని చుట్టూ తిరిగినవే.

దాదాపు అరవై ఏళ్ళు ఇది ప్రయోగశాల వింతగానే మిగిలింది. 2000లో అమెరికాలో బర్క్‌లీలోని అనస్తాసియోస్ మెలిస్ బృందం ఒక తెలివైన ఉపాయం చూపించింది. ఎండలో నీళ్ళు విడగొట్టే పని ఎంత కఠినమంటే, ఫోటోసిస్టమ్-2లోని డీ1 అనే ప్రోటీన్ గట్టి వెలుగులో అరగంటకోసారి పాడైపోతూ ఉంటుంది. కణం దాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. కొత్త ప్రోటీన్ తయారీకి గంధకం కావాలి. క్లామిడోమొనాస్ అనే ఆల్గేకి గంధకం అందకుండా చేశారు. మరమ్మతు కుంటుపడింది, ఆక్సిజన్ ఉత్పత్తి తగ్గింది, వచ్చిన కొంచెం ఆక్సిజన్‌నీ కణాలే పీల్చేసుకున్నాయి. మూతపెట్టిన సీసాలో ఒకరోజులో ఆక్సిజన్ మాయమైంది. తర్వాత మూడు రోజుల పాటు హైడ్రోజన్ బుడగలు వచ్చాయి. ఆ తర్వాత ఆకలికి ఆల్గే నీరసించింది. మళ్ళీ గంధకం ఇచ్చి కోలుకోనివ్వాలి.

పత్రికల్లో పెద్ద శీర్షికలతో వచ్చిన ప్రయోగమిది. కానీ పరిమాణం చూడండి. లీటరు కల్చర్‌కి (ఆల్గే పెరిగే నీళ్ళకి) గంటకు సుమారు రెండు మిల్లీలీటర్ల గ్యాస్. కిలో హైడ్రోజన్ అంటే మామూలు వాతావరణ పీడనం దగ్గర దాదాపు పన్నెండు వేల లీటర్లు. ఎకరం నేల మీద అయిదు సెంటీమీటర్ల మందాన గాలి చొరబడని పారదర్శక తొట్లలో ఈ ఆల్గేని పరిచారనుకుందాం. రెండు లక్షల లీటర్లు పడుతుంది. రోజుకు పన్నెండు గంటల వెలుగు లెక్కన ఆ ఎకరం ఇచ్చేది అరకిలో లోపే. కిలోకి నాలుగు వందల రూపాయలు ఇచ్చేవాడు దొరికాడనుకున్నా, రోజుకి నూట అరవై రూపాయలు. అదీ ఆల్గే నీరసించని రోజుల్లో. ఆ పారదర్శక తొట్ల మీద పడే దుమ్ము తుడిపించడానికి కూలి కూడా గిట్టదు.

అయిదు సెంటీమీటర్లే ఎందుకు, మన చెరువుల్లా నాలుగడుగుల లోతు పెట్టకూడదా? పెట్టినా లాభం లేదు. చెరువులో నీళ్ళ చిక్కదనం చూసే సెక్కీ డిస్క్ దించితే ముప్పై నలభై సెంటీమీటర్లకే కనబడకుండా పోతుంది కదా. హైడ్రోజన్ కోసం పెంచే కల్చర్ దానికంటే ఎన్నోరెట్లు చిక్కన. పై పొర ఆల్గే తనకు అక్కర్లేనంత వెలుగును పీల్చేసి, ఎక్కువైంది వేడిగా వదిలేస్తుంది. కింది పొర చీకట్లో ఆకలితో ఉంటుంది. అడవి స్వభావం అది, పక్కవాడికి వెలుగు దక్కనివ్వకపోతే తను బతుకుతుంది. మెలిస్ బృందమే తర్వాత వెలుగు పట్టే పత్రహరిత గుంపును చిన్నది చేసిన రకాలను తయారుచేసింది. ఆలోచన మంచిది. అయితే అలాంటి మర్యాదస్తుడైన ఆల్గే బయటి చెరువులో మామూలు ఆల్గేతో పోటీపడి నిలవగలదా అంటే, బ్లూమ్ క్రాష్ అవడం (చెరువులో ఆల్గే అంతా ఒక్కసారిగా చచ్చిపోవడం) చూసిన ఏ రైతైనా తల అడ్డంగానే ఊపుతాడు.

ఇంకో దారి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాది. వరి మడుల్లో వేసే అజొల్లా ఆకుల్లో కాపురముండే అనబీనా ఈ జాతిదే. గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్ ప్రతిసారీ కొంత హైడ్రోజన్‌ని కూడా వదులుతుంది. ఆ ఎంజైమ్‌కి కూడా ఆక్సిజన్ పడదు. అందుకని అనబీనా గొలుసులో అక్కడక్కడా మందపాటి గోడలున్న ప్రత్యేక కణాలు ఉంటాయి. ఆక్సిజన్ పుట్టే పని పక్క కణాలది, నత్రజని పని ఈ కణాలది. మనుషులు ఇప్పుడు తంటాలు పడుతున్న విభజనని ప్రకృతి ఎప్పుడో చేసి పెట్టింది. కాకపోతే ఈ ఎంజైమ్ శక్తిని విపరీతంగా తినేస్తుంది, మనకు మిగిలేది తక్కువ.

వెలుగుతో పనిలేకుండా వ్యర్థాలను పులియబెట్టి హైడ్రోజన్ తీసే బ్యాక్టీరియా సంగతి వేరు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో, ఖరగ్‌పూర్ ఐఐటీలో దీని మీద చాలా కాలంగా పని జరిగింది. రైస్ మిల్లులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు వదిలే మురుగుతో నిండిన మన జిల్లాలకు ఆల్గే కన్నా ఇదే దగ్గరి దారని నా అభిప్రాయం. మురుగు ఎలాగూ శుద్ధి చేయాల్సిందే, గ్యాస్ అదనం.

ఇక ప్రాణం లేని పద్ధతులకొద్దాం. 1912లోనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త జకోమో చమీషియన్ న్యూయార్క్‌లో ప్రసంగిస్తూ, బొగ్గు పొగ బదులు ఎండపట్టున గాజు గొట్టాల కర్మాగారాలు వస్తాయని, మొక్కల రహస్యం మనిషి చేజిక్కించుకుంటాడని చెప్పాడు. అరవై ఏళ్ళకి, 1972లో, జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుగు పడితే నీళ్ళు విడిపోతాయని చూపించారు. గోడల పెయింట్లలో తెల్లదనానికి కలిపే పదార్థమే అది. చవక, గట్టిది, నీళ్ళలో కరగదు. కానీ దానికి అతినీలలోహిత కిరణాలే పనికొస్తాయి. నేల మీదకు చేరే ఎండలో వాటి వాటా అయిదు శాతం లోపే. మిగతా తొంభై అయిదు శాతం దానికి కనబడదు.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనంతా ఒక బేరం మీద నడిచింది. ఎండను ఎక్కువ పట్టే పదార్థాలు నీళ్ళలో త్వరగా తినేసుకుపోతాయి. నీళ్ళలో నిలిచేవి ఎండను సరిగా పట్టవు. 1998లో అమెరికాలో ఖసెలెవ్, టర్నర్ ఎండలో 12.4 శాతాన్ని హైడ్రోజన్‌గా మార్చే పరికరం చేశారు. చాలా ఖరీదైన పదార్థాలతో చేసింది, ఎక్కువ గంటలు నిలవలేదు. 2011లో డేనియల్ నొసేరా కృత్రిమ ఆకు అని చూపించిన సిలికాన్ పలక చవకైన కోబాల్ట్ ఉత్ప్రేరకంతో నడిచింది. ఆ ఉత్ప్రేరకం పాడైన చోట తిరిగి తనే పేరుకుంటుంది. డీ1 ప్రోటీన్ మరమ్మతుకి ఇది ప్రాణంలేని జవాబు. దాని సామర్థ్యం తీగల్లేకుండా 2.5 శాతం. ఆ పని మీద పెట్టిన కంపెనీ సన్ కెటలిటిక్స్ మాత్రం తర్వాత హైడ్రోజన్ వదిలేసి బ్యాటరీల వైపు మళ్ళింది. 2014లో లాక్‌హీడ్ మార్టిన్ దాన్ని కొనేసింది. సైన్సు తప్పని కాదు, లెక్క కుదరలేదు. మన దేశంలో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలో సీ.ఎన్.ఆర్. రావు బృందం ఈ తరహా ఉత్ప్రేరకాల మీద పనిచేసింది.

ప్రయోగశాల బల్ల దాటి ఆరుబయటికి వచ్చింది జపాన్ వాళ్ళే. కజునారి దొమెన్ బృందం 2021లో వంద చదరపు మీటర్ల ప్యానెళ్ళను ఎండలో పెట్టి నెలల తరబడి నడిపింది. ప్యానెల్ లోపల పలకకి పూసిన స్ట్రాన్షియం టైటనేట్ పొడి, దాని మీద పలచటి నీళ్ళు, పైన గాజు. అంతే. గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతం. ఇందులో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిసే పుడతాయి. గాలిలో నాలుగు నుంచి డెబ్భై అయిదు శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది. ఇక్కడ పక్కనున్నది ఏకంగా ఆక్సిజనే. ఆ మిశ్రమాన్ని పల్చటి పొరల గుండా పంపి విడదీశారు, పేలకుండా. ఆల్గేలో ఎంజైమ్‌ని చంపిన చిక్కే ఇక్కడ పేలుడు ప్రమాదంగా ఎదురైంది.

ఇప్పుడు మన ఎండతో లెక్కేద్దాం. నెల్లూరులో చదరపు మీటరు నేల మీద సగటున రోజుకు అయిదు యూనిట్లకు అటూ ఇటుగా ఎండ పడుతుంది. ఎకరానికి ఇరవై వేల యూనిట్లు. ఒక శాతం హైడ్రోజన్‌గా మారితే రెండు వందల యూనిట్లు, అంటే ఆరు కిలోలు. హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారు ట్యాంకు 5.6 కిలోలు. ఎకరానికి రోజుకో కారు ట్యాంకు. అదే ఎకరంలో సగం నేల మీద మామూలు సోలార్ ప్యానెళ్ళు పెట్టి, ఆ కరెంటుతో నీళ్ళు విడగొట్టే పెట్టె, అంటే ఎలక్ట్రోలైజర్ నడిపితే? ఇరవై శాతం లెక్కన రెండు వేల యూనిట్లు. కిలోకి యాభై చిల్లర యూనిట్లు పోయినా 35 కిలోల పైనే.

ఈ తేడా ఊరికే రాలేదు. ప్యానెల్ పొడిగా ఉంటుంది కాబట్టి తినేసుకుపోదు. నీళ్ళు విడగొట్టే పెట్టె వేరే చోట, నీడలో ఉంటుంది. దాని మధ్య పొర ఒకవైపు హైడ్రోజన్‌నీ, మరోవైపు ఆక్సిజన్‌నీ ఉంచుతుంది. ఎండ పట్టడం, నీళ్ళు విడగొట్టడం, గ్యాసులు వేరుచేయడం అనే మూడు పనుల్ని మూడు చోట్లకి పంచారు. ఆకు అన్నీ ఒక్కచోటే చేస్తుంది, అందుకే దానికన్ని పాట్లు. నన్నడిగితే, తీగలతో కలిపిన ఈ అమరికే ఇప్పటికి దొరికిన మెరుగైన కృత్రిమ ఆకు. 2023 జనవరిలో 19,744 కోట్లతో కేంద్రం ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ నమ్ముకున్నది ప్రధానంగా ఎలక్ట్రోలైజర్లనే. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌దీ ఆ దారే.

నీళ్ళ సంగతికొస్తే, కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో అల్లాడే ఊళ్ళలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: తాగడానికి లేని నీళ్ళు గ్యాస్‌కి పోస్తారా అని. న్యాయమైన ప్రశ్న. కిలో హైడ్రోజన్‌కి శుద్ధి నష్టాలతో సహా ఇరవై లీటర్లు వేసుకోండి. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్లు చాలు. ఇరవై లీటర్లకు యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. కాబట్టి తీరంలో పెట్టే ప్లాంటు బోరునీళ్ళ జోలికి పోవాల్సిన అవసరమే లేదు. పోతానంటే ఒప్పుకోకూడదు. సముద్రపు నీళ్ళని శుద్ధి చేయకుండా తిన్నగా ఎలక్ట్రోలైజర్‌లో పోస్తే ఉప్పు వల్ల ఆక్సిజన్ బదులు క్లోరిన్ వస్తుంది, మెగ్నీషియం, కాల్షియం పొలుసులు కడతాయి.

హైడ్రోజన్ ఈ ప్రాంతానికి కొత్త చుట్టం కూడా కాదు. 2022లో జిల్లాలు మారేదాకా నెల్లూరులోనే ఉన్న శ్రీహరికోటలో క్రయోజెనిక్ రాకెట్ దశకి నింపేది మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచిన హైడ్రోజనే. రాకెట్టుకి ఆ ఖర్చు భరిస్తారు, ఆటోకి భరించరు. మన తీరంలో దీన్ని కొనేవాడంటూ ఉంటే అది రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ తలపెట్టిన రిఫైనరీ లాంటిది, లేదంటే అమ్మోనియాగా మార్చి కృష్ణపట్నం నుంచి ఓడ ఎక్కించేవాడు.

అందుకే ఎవరైనా చెరువులు లీజుకివ్వండి, ఆల్గే హైడ్రోజన్ తీస్తాం అని వస్తే మూడు ముక్కలు అడగండి. ఏడాది సగటున చదరపు మీటరుకి రోజుకి ఎన్ని గ్రాములు? ఆక్సిజన్‌ని ఎలా వేరుచేస్తారు? కొనేదెవరు? మొదటిదానికి గ్రాముల్లో కాకుండా మాటల్లో జవాబొస్తే కాఫీ ఇచ్చి పంపేయొచ్చు. హేచరీలో ఆల్గే పెంచే కుర్రాడి పనితనం మాత్రం వృథా కాదు. మేతకి, పోషకాల పొడులకి, మురుగు శుద్ధికి ఆల్గే అమ్ముడుపోతుంది. కిలో హైడ్రోజన్ కన్నా కిలో ఎండు స్పిరులీనాకే ధర ఎక్కువ.

ఒక్క విషయం మాత్రం ఇక్కడివాళ్ళే ఆలోచించాల్సింది ఉంది. ఎలక్ట్రోలైజర్ ప్లాంట్లు ఎక్కువగా ఆక్సిజన్‌ని గాలిలోకి వదిలేస్తాయి, కొనేవాడు పక్కన ఉండడు కాబట్టి. రొయ్యల సాగులో ఏరేటరుకి ఒక యూనిట్ కరెంటు పోస్తే చెరువులో కరిగేది కిలో ఆక్సిజన్‌కి అటూ ఇటుగా. కిలో హైడ్రోజన్‌తో వచ్చే ఎనిమిది కిలోల ఆక్సిజన్ సరిగ్గా కరిగించగలిగితే ఏడెనిమిది యూనిట్ల ఏరేటర్ ఖర్చుకి సమానం. అడ్డంకులూ ఉన్నాయి. ఏరేటర్లు ఆక్సిజన్ ఇవ్వడమే కాదు, నీళ్ళు తిప్పి చెత్తని మధ్యకి నెడతాయి కాబట్టి అన్నీ ఆపేయలేం. ఎండతో నడిచే ఎలక్ట్రోలైజర్ ఆక్సిజన్ ఇచ్చేది పగలు, చెరువుకి కావాల్సింది రాత్రి, అంటే సిలిండర్లలోకి నొక్కి దాచాలి. పైగా ప్లాంటు పోర్టు పక్కన వస్తుంది, చెరువులు పాతిక కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా ఉంటాయి. ఆ సిలిండర్ల రవాణా ఖర్చు కరెంటు బిల్లులో మిగిలేదానికన్నా తక్కువైతేనే ఈ బేరం నడుస్తుంది. ముత్తుకూరు మత్స్య కళాశాల కృష్ణపట్నం పోర్టుకి దగ్గర్లోనే ఉంది. ఈ లెక్క వేసి చూడటానికి అంతకన్నా అనువైన చోటు ఇంకొకటి లేదు.